మా కౌంటర్ మీది సౌండ్‌బాక్స్: ఒక వృత్తి శిక్షణ కేంద్రం నుంచి రివ్యూ

సికింద్రాబాద్ వైపు, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల కోసం నడిచే ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. పద్దెనిమిదేళ్లు నిండి స్పెషల్ స్కూల్ అయిపోయాక చాలామందికి ఇంట్లో టీవీ ముందు కూర్చోవడమే మిగులుతుంది. అలాంటివాళ్లు మా దగ్గర ఫినాయిల్ కలుపుతారు, పేపర్ కవర్లు అంటిస్తారు, దీపావళి ముందు ప్రమిదలకు రంగులు వేస్తారు. గేటు పక్కన చిన్న అమ్మకం కౌంటర్ ఉంది. ఈ రివ్యూ ఆ కౌంటర్ మీద పెట్టిన యూపీఐ సౌండ్‌బాక్స్ గురించి, అంటే ఫోన్ ద్వారా డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే చిన్న పెట్టె గురించి. కిరాణా కొట్టువాళ్లు, టిఫిన్ సెంటర్లవాళ్లు రాసినవి చాలా చదివాను. మాలాంటి చోట ఇది ఎలా పనిచేస్తుందో కూడా తెలియాలని రాస్తున్నాను.

ముందు నోట్ల సంగతి. మా కౌంటర్ చూసుకునే ఆయనకు నలభై దాటాయి, డౌన్ సిండ్రోమ్ ఉంది. మా దగ్గరకు వచ్చిన కొత్తలో రంగును బట్టి నోట్లు నేర్చుకున్నారు. ఊదా రంగుది యాభై, నీలం ఛాయది వంద. 2017లో కొత్త యాభై నీలం రంగులో వచ్చింది. మరుసటి ఏడాది కొత్త వంద లేత ఊదా రంగులో వచ్చింది. ఆయన నేర్చుకున్నది సరిగ్గా తలకిందులైంది. పాత నోట్లూ చెల్లుతాయి కాబట్టి గల్లాపెట్టెలో అన్నీ కలిసే ఉంటాయి. పైగా కొత్త ఇరవై, రెండు వందలు రెండింట్లోనూ పసుపు ఛాయే. చిల్లర తేడా వస్తే కొనేవాళ్లు "పాపం, తెలియదులే" అనేవారు. ఆయన నేర్చుకున్నది ఆయనకు చక్కగా గుర్తుంది. మారింది నోటు. ఈ పనిలో నాకు మొదట తలకెక్కిన విషయం ఇదే: ఎక్కడైనా పని ఆగిపోతే మనిషిని చూసే ముందు ఆయన చేతికి మనం ఏమిచ్చామో చూడాలి.

తర్వాత క్యూఆర్ స్టిక్కర్ పెట్టాం. దాంతో ఇంకో చిక్కు. కొనేవాళ్లు ఫోన్ స్క్రీన్ ఒక్క క్షణం చూపించి వెళ్లిపోతారు. ఇంగ్లీషు అక్షరాలు, చిన్న అంకెలు. ఆయన చదివేలోపు ఫోన్ జేబులోకి వెళ్లిపోతుంది. అందుకని ప్రతిసారీ నేనో ఇంకొకరో పక్కన నిలబడాల్సి వచ్చేది. సౌండ్‌బాక్స్ వచ్చాక ఆ అవసరం పోయింది. తెలుగులో గట్టిగా "యాభై రూపాయలు అందాయి" అంటుంది. ఆయన వేలు పెట్టి ధరల బోర్డు చూసుకుంటారు, ఫినాయిల్ బాటిల్ బొమ్మ కింద యాభై ఉందో లేదో సరిచూస్తారు, అప్పుడు కవరు అందిస్తారు. దీనికోసమే మా ధరలన్నీ ఇరవై, యాభై, వంద చేశాం. నలభై ఏడు, అరవై మూడు లాంటివి లేవు.

మాట వినబడేదాకా కవరు మీద చెయ్యి తీయరు. ఒక పెద్దమనిషి డబ్బు పంపేశానని ఫోన్ చూపించారు. పెట్టె పలకలేదు. "ఆగండి సార్, పెట్టె చెప్పాలి" అన్నారు మావాడు. ఆ సారుకు కోపం వచ్చింది. "నన్ను నమ్మవా?" అని గొంతు పెంచారు. మావాడు బెదరలేదు, ఎదురు మాట్లాడలేదు, అదే మాట అదే గొంతుతో మళ్లీ చెప్పారు. కాసేపటికి పెట్టె పలికింది. వెంటనే నవ్వుతూ రెండు చేతులతో కవరు అందించి "మళ్లీ రండి సార్" అన్నారు. అంతకుముందు జరిగిందేదీ ఆ ముఖంలో మిగల్లేదు. ఇలా పట్టు వదలకుండా, కోపం తెచ్చుకోకుండా ఉండటం ఆయన్ని చూసే నేర్చుకుంటున్నాను. నేను కొన్నా అదే రూలు, మాకు విరాళాలిచ్చే వాళ్లు కారు దిగి వచ్చినా అదే రూలు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు కొనేవాళ్లు ఆయన తల మీదుగా నన్ను అడిగేవారు, "ఎంత అమ్మా?" అని. ఇప్పుడు నేను లోపల కవర్ల బల్ల దగ్గర ఉంటాను కాబట్టి ఆయన్నే అడగాలి. జవాబు రావడానికి కొంచెం టైమ్ పడుతుంది. ఆ కాసేపు నిలబడితే జవాబు వస్తుంది. తొందరపడి మధ్యలో అందుకుంటే రాదు.

ఇక లోపాలు. మొదటిది, శబ్దం. ఆటిజం ఉన్న కుర్రాడొకడు మొదట్లో పెట్టె పలికినప్పుడల్లా చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేవాడు. వాల్యూమ్ తగ్గించి, పెట్టెను రోడ్డు వైపు తిప్పి, ఆ అబ్బాయి కుర్చీ లోపలి గదిలోకి మార్చాక సర్దుకున్నాడు. కానీ బ్యాటరీ తగ్గిందంటే అదే మాట పదేపదే చెబుతుంది. దానికి మాత్రం ఇప్పటికీ టెన్షన్ పడతాడు. రోజూ సాయంత్రం చార్జింగ్ పెట్టే పని అతనికే అప్పగించాం, ఒక్కరోజు కూడా మర్చిపోడు. రెండోది, నెట్‌వర్క్. సిగ్నల్ మందగిస్తే రెండు చెల్లింపులు వెనకవెనకే పలుకుతాయి, ఏది ఎవరిదో తేలదు. చివరి చెల్లింపును మళ్లీ వినిపించే బటన్ ఉంది గనుక బతికిపోయాం. పెట్టెకు నెలనెలా కట్టే అద్దె మాలాంటి చిన్న కౌంటర్‌కు భారమే.

మూడోది పెట్టె లోపం కాదు గానీ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఈ డబ్బు మా సంస్థ ఖాతాలో పడుతుంది, అందులోంచి నెలకోసారి వాటాలు పంచుతాం. కౌంటర్ చూసుకునే ఆయన పేరునే ఖాతా ఉంటే బాగుంటుందని ఒక బ్యాంకు బ్రాంచికి వెళితే, ఆయన వైపు చూడకుండానే వెనక్కి పంపేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఆర్థిక వ్యవహారాల్లో అందరితో సమానమైన హక్కు ఇచ్చింది. తల్లిదండ్రులు గార్డియన్‌షిప్ (బిడ్డ తరఫున వ్యవహారాలు చూసే చట్టబద్ధమైన బాధ్యత) కావాలనుకుంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీ సర్టిఫికెట్ ఇస్తుంది, దాన్ని బ్యాంకులు ఒప్పుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ కూడా చెప్పింది. వాళ్ల నాన్నగారు డెబ్బై దాటినవారు. ఆ కాగితం కోసం కలెక్టరేట్ చుట్టూ తిరుగుతున్నారు. "మేం పోయాక వీడి సంపాదన వీడి చేతిలోనే ఉండాలమ్మా" అన్నారు.

మీరూ ఇలాంటి కేంద్రం నడుపుతుంటే సౌండ్‌బాక్స్ తప్పకుండా తీసుకోండి. తెలుగు గొంతు, వాల్యూమ్ బటన్లు, మళ్లీ వినిపించే బటన్, ఈ మూడూ ఉన్నాయో లేదో షాపులోనే నొక్కి చూడండి. కౌంటర్‌లో కూర్చోబోయే మనిషినీ వెంట తీసుకెళ్లి వాళ్ల చేతే నొక్కించండి. కంపెనీలకు నేను అడిగేది ఒక్కటే: అంకెను ఇంకాస్త నిదానంగా, రెండుసార్లు చెప్పే సెట్టింగ్ ఇవ్వండి. అది ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేదాన్ని. ఇప్పటికి నాలుగు.