నాలుగేళ్లు వాడాక చెబుతున్నాను: స్టాండింగ్ డెస్క్ కొనేముందు మోచేతి ఎత్తు కొలుచుకోండి

విశాఖపట్నంలోని మా ఇంట్లో 2021 జూలైలో ఈ బల్ల బిగించారు. కూర్చునీ నిలబడీ పని చేసుకునేలా కరెంటు మోటార్లతో దీని ఎత్తు మార్చుకోవచ్చు. అప్పటి నుంచి రోజుకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా దీని దగ్గరే పని చేస్తున్నాను. కొనేటప్పుడు నేనూ అందరిలాగే ఎన్ని మోటార్లు ఉన్నాయి, ఎంత బరువు మోస్తుంది అనే చూశాను. ఇది 120 కిలోలు మోస్తుందన్నారు. నా మానిటరు, ల్యాప్‌టాప్, పుస్తకాలు అన్నీ కలిపినా 15 కిలోలు దాటవు కాబట్టి ఆ అంకె నాకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

చూడవలసింది బల్ల ఎంత కిందికి దిగుతుందన్నది. నా ఎత్తు 157 సెంటీమీటర్లు. పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే నా మోచేయి నేల నుంచి 63 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నేను కొన్న బల్లకు రెండంచెల కాళ్లు, అంటే ఒకదానిలో ఒకటి దూరే రెండేసి గొట్టాలు; పై పలకతో కలిపి అది 73 దగ్గరే ఆగిపోతుంది. ఆ పది సెంటీమీటర్ల తేడా వల్ల రోజంతా భుజాలు ఎత్తి పెట్టుకుని టైపు చేయవలసి వచ్చి, నెల తిరిగేసరికి మెడ పట్టేసింది. కుర్చీ ఎత్తు పెంచితే కాళ్లు గాలిలో వేలాడాయి. చివరికి వంటింట్లోని పీట తెచ్చి కాళ్ల కింద వేసుకున్నాను. మూడంచెల కాళ్లున్నవి పలక మందం కలపకుండా సుమారు 60 వరకు దిగుతాయి. ఐదడుగుల నాలుగంగుళాల లోపు వారు ధర కొంత ఎక్కువైనా వాటినే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. నిలబడి పని చేసే ఎత్తు విషయంలో ఈ ఇబ్బంది రాలేదు. నాకు 98, మావారికి 112 సరిపోయాయి. గోడ పక్కన నిలబడి, మోచేయి మడిచి, పెన్సిలుతో గుర్తు పెట్టించుకుంటే మీ అంకె తెలిసిపోతుంది. మనం ఇంట్లో చెప్పులు లేకుండా తిరుగుతాం కాబట్టి ఒట్టి కాళ్లతోనే కొలవాలి.

రెండో సంగతి పలక. బల్లతో పాటు వచ్చింది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. సముద్రపు తేమకు అది రెండో వర్షాకాలమే తట్టుకోలేకపోయింది. మానిటరును పట్టి ఉంచే స్టాండును క్లాంపుతో బిగించిన చోట అంచు పట్టీ ఊడి కనిపించింది. వేలితో రాస్తే రంపపు పొట్టులాంటి పొడి ఒళ్లో రాలింది, క్లాంపు అడుగున పలక గోరు మందాన లోపలికి దిగిపోయి ఉంది. మా వీధి వడ్రంగి చేత నీటిని తట్టుకునే 710 గ్రేడు మెరైన్ ప్లైవుడ్‌తో 25 మిల్లీమీటర్ల పలక చేయించి, పైన సన్‌మైకా వేయించి, నాలుగు అంచులూ అడుగు భాగమూ కూడా తేమ చొరబడకుండా మూయించాను. ఆ తర్వాత గడిచిన వర్షాకాలాల్లో అందులో ఏ మార్పూ రాలేదు. కాళ్ల ఫ్రేము మాత్రమే విడిగా అమ్మేవారు ఉన్నారు; అది కొని పలక ఇక్కడే చేయించుకోవడం మేలు.

ఎత్తు పెరిగేకొద్దీ బల్ల ఊగుతుంది. నా ఎత్తులో పెద్దగా తెలియదు కానీ, మావారు 112 దగ్గర టైపు చేస్తుంటే మానిటరు కదులుతూ ఉంటుంది. కాళ్ల కింది మరలు తిప్పి టైల్స్ ఎగుడుదిగుడుకు సరిచేశాక సగం తగ్గింది.

కరెంటు పోతే బల్ల ఉన్న చోటే ఉండిపోతుంది, మా ఇన్వర్టరు లైన్లు ఫ్యాన్లకు, లైట్లకే ఇచ్చారు. మూడో ఏడు మోటార్లను నడిపే కంట్రోల్ బాక్సు పాడైనప్పుడు బల్ల నిలబడే ఎత్తులోనే ఆగిపోయింది. అమ్మినవారు కొత్త బాక్సు తెప్పించడానికి 26 రోజులు పట్టింది, అన్నాళ్లూ నేను భోజనాల బల్ల మీద పని చేశాను. విడిభాగాలు మన దేశంలోనే నిల్వ ఉంటాయా అని కొనకముందే అడిగి, ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక నిలబడటం గురించి. మొదటి వారం ఉత్సాహంతో మూడేసి గంటలు టైల్స్ మీద నిలబడేసరికి మడమలు, పిక్కలు లాగేశాయి. మెత్తటి మ్యాట్ వేసుకున్నాక, రెండు గంటలకొకసారి అరగంట మాత్రమే నిలబడుతున్నాను. ఫోన్లూ మీటింగులూ నిలబడి, రాత పని కూర్చుని. నడుము నొప్పి బాగా తగ్గింది. అది నిలబడటం వల్ల కంటే, ఒకే భంగిమలో గంటల తరబడి ఉండిపోకపోవడం వల్లనే అనుకుంటున్నాను. బరువు తగ్గుతారని మాత్రం ఆశపడవద్దు, కూర్చోవడానికీ నిలబడటానికీ ఖర్చయ్యే శక్తిలో తేడా చాలా స్వల్పం.

ఈ సంక్రాంతికి మూడంచెల ఫ్రేము కొనబోతున్నాను. ప్లైవుడ్ పలక అలాగే దాని మీదికి మారుతుంది, వడ్రంగి వచ్చి రంధ్రాల కొలతలు కూడా తీసుకున్నాడు. అప్పటిదాకా పీట బల్ల కిందే ఉంటుంది.