దుంగలు కొని కోయించి వేసిన వసారా: అంచనా ఎంతవరకు నిలిచింది

నెల్లూరు జిల్లా కావలి దగ్గర మా ఊళ్ళో ఇంటి ముందు 2019లో పెంకుల వసారా వేయించాం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఆరు స్తంభాలు, దూలాలు, వాసాలు అన్నీ వేపే. అడితిలో, అంటే కలప డిపోలో, కోసి పెట్టిన సైజు కర్ర కొనకుండా, దుంగలు కొని మాకు కావలసిన కొలతలకి మిల్లులో కోయించాం. ఇందులో డబ్బు మిగులుతుందా అని చూసినవాళ్ళు అడుగుతుంటారు. మిగులుతుంది, కాకపోతే లెక్క ప్లాను బొమ్మ దగ్గర కాకుండా దుంగ దగ్గర మొదలుపెట్టాలి.

బొమ్మ ప్రకారం మాకు కావలసిన కర్ర ఇది. 6×6 అంగుళాల స్తంభాలు ఆరు, ఒక్కొక్కటి తొమ్మిదడుగులు: 13.5 ఘనపుటడుగులు. 6×8 దూలాలు పన్నెండడుగులవి రెండు, పదడుగులవి మూడు: 18. వాసాలు, మూలల్లో ఏటవాలుగా కొట్టే కర్రలు కలిపి ఇంకో 13.5. మొత్తం 45 అడుగులు (కలప లెక్కలో అడుగంటే ఘనపుటడుగే). చాలామంది ఈ 45ని మిల్లువాళ్ళు చెప్పిన అడుగు ధరతో హెచ్చవేసి అంచనా అయిపోయిందనుకుంటారు. ఆ ధర దుంగది, కోసిన కర్రది కాదు.

దుంగని కొలిచే పద్ధతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నడిమధ్య చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, అందులో నాలుగో వంతుని దానితోనే హెచ్చవేసి, పొడవు అడుగులతో హెచ్చవేసి, 144తో భాగిస్తారు. 48 అంగుళాల చుట్టు, పదడుగుల పొడవు ఉంటే సరిగ్గా పది అడుగులు వస్తుంది. నిజంగా ఆ గుండ్రంలో 12.7 అడుగుల కలప ఉంటుంది కాబట్టి లెక్క కొనేవాడి వైపే మొగ్గినట్టు కనిపిస్తుంది. కానీ అదే దుంగలోంచి నాలుగంచులూ పదునుగా ఉండే చదరపు దూలం తీస్తే ఎంత లాగినా 10.8 అంగుళాల పక్కే వస్తుంది, అంటే 8.1 అడుగులు. అదీ దుంగ నిలువుగా, మొదలు నుంచి కొన దాకా ఒకే లావుతో ఉంటే. వేప అలా పెరగదు.

ఇక బెరడు. వేప బెరడు అరంగుళం మందం ఉందనుకుంటే చుట్టుకొలతలో మూడంగుళాల పైన దానిదే. పై దుంగనే బెరడు వొలిచి కొలిస్తే పది అడుగులు కాస్తా 8.7 అవుతుంది. అందుకే ధర మాట్లాడేముందు కొలత బెరడు మీదా, కిందా అన్నది తేల్చుకోవాలి. ఒక మిల్లులో టేపు మొదలు వైపు పెట్టి కొలవబోయారు. నడిమికి జరపమంటే ఏమీ అనకుండా జరిపారు. అడగనివాళ్ళ సంగతేమిటో మరి.

వంకర, బెరడు, రంపం మింగేది, కొసల పగుళ్ళు అన్నీ తీసేసి, కొన్నదానిలో నూటికి 55 వంతులే కర్రగా వస్తుందని పెట్టుకున్నాం. 45 అడుగుల కర్రకి 82 అడుగుల దుంగలు. లెక్క సులువు కోసం దుంగ అడుగు వెయ్యి రూపాయలనుకోండి. 82,000 అవుతుంది, అంటే చేతికొచ్చిన కర్ర అడుగు 1,820 పడుతుంది. బిల్లుతో కొంటే 18 శాతం జీఎస్టీ కలిసి 2,150. దీని మీద కోత కూలి, ట్రాక్టరు బాడుగ. అడితిలో సైజు కర్ర ధరని ఈ అంకెతో పోల్చాలి, వెయ్యితో కాదు. రైతు దగ్గర చెట్టే కొంటే చౌక, కానీ వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద కొట్టడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్ సంగతి ముందే ఆఫీసుల్లో కనుక్కోవాలి. చెట్టు పడగొట్టాక కాదు.

అంచనాని పైకి తోసేది లావు కంటే పొడవు. పన్నెండడుగుల దూలాల కోసం తిరుగుతుంటే మా వడ్రంగి అన్నాడు: "అంత నిలువు వేప యాడ దొరుకుద్దన్నా? నడి స్తంభం నెత్తిన అతుకు పెడదాం, ఆరడుగులవి రెండు." అతుకు స్తంభం మీదే పడుతుంది కాబట్టి బరువుకి భయం లేదు. కలప అంతే, అతుకుకి ఇంకో అడుగు పోతుందేమో. దుంగలు మాత్రం తేలిగ్గా దొరికాయి, బేరం కూడా కుదిరింది. బొమ్మ గీసేముందే వడ్రంగిని కూర్చోబెట్టుకుంటే ఇలాంటివి ఇంకా బయటపడతాయి. బెజ్జంలోకి దిగే కొసని కూడా పొడవులో కలపాలి. కొసల్లో పగుళ్ళు కోసేయడానికి ప్రతి దుంగకీ అడుగు ఎక్కువ తీసుకున్నాం, అది వృథా పోలేదు.

ఇన్నేళ్ళ వాడకంలో చూసింది చెబుతాను. 2021 నవంబరు వానలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చూసింది ఈ వసారా. చట్రం కదల్లేదు. స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలబెట్టాం, చెద ఎక్కలేదు. అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరాలంటే ఆరంగుళాల స్తంభానికి ఆరేళ్ళు కావాలి. అంతకాలం ఎవరాగుతారు? పచ్చివే నిలబెట్టాం. నిలువునా పగుళ్ళిచ్చాయి, వేలు దూరేంత ఒకటుంది. చూడ్డానికి బాగోదు గానీ బలానికి లోటేమీ కనిపించలేదు. బిగింపులు మాత్రం కర్ర ఆరేకొద్దీ వదులయ్యాయి, మొదటి రెండు వేసవుల తర్వాత మేకులు మళ్ళీ దిగ్గొట్టించాం. అంచనాలో ఈ కూలి ఎవరూ రాయరు.

చేవ, అంటే లోపలి గట్టి కర్ర, ఉన్నచోట పురుగు ముట్టలేదు. వాసాల్లో కొన్నిటికి పక్కన తెల్ల చెక్క మిగిలిపోయింది, అక్కడ పుప్పి పట్టింది. వాసాలకి చేవే కావాలని పట్టుబడితే నూటికి 55 వంతులు కాస్తా 45కి దిగుతుంది, ఖర్చు అంత పెరుగుతుంది. కోతలో వచ్చిన పక్క చెక్కలు మనవే అని ముందే మాట్లాడుకోండి, అడక్కపోతే మిల్లులోనే ఉండిపోతాయి. మావి కోళ్ళ గూటికీ, పొయ్యికీ సరిపోయాయి.

ఇనప గొట్టాలతో అయితే చౌకలో, తొందరగా తేలిపోయేది. సముద్రం గాలి తగిలే ఊరు, ఏటేటా రంగు వేయించాల్సి వచ్చేది కూడా. వెనక పశువుల కొట్టం లేపాలనుకుంటున్నాం. స్తంభాలకీ దూలాలకీ దుంగలే కొంటాం, వాసాలు మాత్రం అడితిలో ఏరుకుని తెచ్చుకుంటాం.