ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ 2003 సెట్ కోసం చూస్తున్నారా? ఆ సెల్లర్‌కి మాత్రం డబ్బు పంపకండి

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ జపాన్ యానిమే (యానిమేషన్ సిరీస్). 2003లో ఒకసారి తీశారు, 2009లో ‘బ్రదర్‌హుడ్’ పేరుతో మళ్లీ తీశారు. పాత యానిమే డిస్కులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక సెల్లర్ దగ్గర నేను 2003 సెట్ కొన్నాను. లిస్టింగ్‌లో రాసింది ఇదీ: ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్, మొదటి సిరీస్, 51 ఎపిసోడ్లు, సినిమాతో కలిపి, ఒరిజినల్ ఇంపోర్ట్’. ఫోటోలో 2003 అట్టే ఉంది. ముందే యూపీఐలో మొత్తం డబ్బు కట్టించుకున్నాడు. పార్సిల్ విప్పితే పైన 2003 బొమ్మ అచ్చేసిన అట్టపెట్టె, లోపల 2009 నాటి బ్రదర్‌హుడ్. అది కూడా పైరసీ డీవీడీలు, మొత్తం అయిదు. సినిమా పేరుతో పెట్టింది 2011లో వచ్చిన సేక్రెడ్ స్టార్ ఆఫ్ మిలోస్. అది బ్రదర్‌హుడ్‌కి చెందిన సినిమా. 2003 సిరీస్‌కి ముగింపుగా తీసింది 2005 నాటి కాంకరర్ ఆఫ్ షంబల్లా. అంటే పెట్టె తప్ప లోపల ఏదీ అడిగింది కాదు.

తప్పు సరుకు వచ్చిందని మెసేజ్ పెడితే వచ్చిన జవాబు ఇది: ‘అన్నా, కథ ఒకటే కదా. పాతదానికంటే కొత్తదే బాగుంటుంది, అందరూ అదే చూస్తున్నారు. 51 అడిగితే 64 వచ్చాయి, మీకే లాభం. సీల్ తీశారు కాబట్టి రిటర్న్ లేదు.’ లిస్టింగ్ స్క్రీన్‌షాట్ పంపగానే బ్లాక్ చేశాడు. డబ్బు పోయినందుకు కోపం ఉంది. అంతకంటే ఎక్కువ కోపం ఆ ‘కథ ఒకటే కదా’ అన్న మాటకి. ఏం అమ్ముతున్నాడో తెలిసే అమ్మాడు, కొనేవాడికి తేడా తెలియదనుకున్నాడు. తెలిసినవాడు అడిగితే, ఆ తేడాకి విలువే లేదని చెప్పాడు.

కథ ఒకటి కాదు. ఎందుకు కాదో చెప్తాను. ఇంకా చూడనివాళ్లు ఈ రెండు పేరాలు వదిలేయండి, కథ మొత్తం బయటపడుతుంది.

దీనికి మూలమైన హిరోము అరకావా మాంగా (జపనీస్ కామిక్) 2001లో మొదలైంది. ఆల్కెమీతో, అంటే ఒకదాన్ని మరొకటిగా మార్చే విద్యతో, చనిపోయిన తల్లిని బతికించబోయి దెబ్బతిన్న అన్నదమ్ములు ఎడ్వర్డ్ (ఎడ్), ఆల్ఫోన్స్ (అల్) కథ అది. బోన్స్ స్టూడియో 2003లో సెయిజి మిజుషిమా దర్శకత్వంలో సిరీస్ మొదలుపెట్టేనాటికి మాంగా ఇంకా చాలా తొలి దశలో ఉంది. అందుకే సిరీస్ తన దారి తాను వేసుకుంది. 2003లో హోమంక్యులస్‌లు (కృత్రిమ మనుషులు) పుట్టేదే విఫలమైన మానవ పరివర్తన నుంచి. చనిపోయిన మనిషిని తిరిగి తెద్దామని ఎవరైనా చేసిన ప్రతి ప్రయత్నమూ ఒక ప్రాణిని మిగులుస్తుంది. కాబట్టి స్లోత్ అనే హోమంక్యులస్‌కి ఆ అన్నదమ్ముల తల్లి ముఖం ఉంటుంది. రాత్ అనేవాడు వాళ్ల గురువు ఇజుమి పోగొట్టుకున్న బిడ్డ, వాడి ఒంటి మీద ఉన్న చేయి, కాలు ఎడ్వర్డ్‌వి. ప్రైడ్ అనేవాడు దేశాధినేత కింగ్ బ్రాడ్లీ. వీళ్లందరి వెనక ఉన్నది డాంటే అనే ఆల్కెమిస్ట్. బ్రదర్‌హుడ్‌లో బ్రాడ్లీయే రాత్, ప్రైడ్ అంటే చిన్నపిల్లవాడు సెలిమ్, స్లోత్ సొరంగం తవ్వే మహాకాయుడు, అందరినీ చేసింది ‘ఫాదర్’ అనేవాడు. ఒక సిరీస్‌లో అన్నదమ్ములు తాము చేసిన పాపంతోనే ముఖాముఖి పోరాడతారు, రెండోదాంట్లో దేశం మొత్తాన్ని మింగబోయే కుట్రతో పోరాడతారు. 2003లో ఆల్కెమీ ద్వారం (గేట్) అవతల ఉండేది మన ప్రపంచమే, ఎడ్ చివరికి చేరేది అక్కడికే. సినిమా 1923 నాటి మ్యూనిక్‌లో జరిగేది అందువల్లే. ఈ ముగింపుకి బ్రదర్‌హుడ్‌లో చోటే లేదు.

మొదటి భాగం ఒకేలా ఉంటుందని చాలామంది అంటారు. సంఘటనలు ఒకటే, వాటికి ఇచ్చిన సమయం వేరు. 2003లో స్టేట్ ఆల్కెమిస్ట్ (ప్రభుత్వ ఆల్కెమిస్ట్) పరీక్షకి చదువుకుంటూ అన్నదమ్ములు టక్కర్ అనే ఆల్కెమిస్ట్ ఇంట్లోనే ఉంటారు. అతని కూతురు నీనాతో ఆడతారు, ఎడ్ పుట్టినరోజునే సైనికాధికారి హ్యూస్‌కి కూతురు పుడుతుంది. ఇదంతా 6వ ఎపిసోడ్. 7వది వచ్చేసరికి నీనా మనింటి పిల్ల అయిపోతుంది, అప్పుడు జరిగేది జరుగుతుంది. బ్రదర్‌హుడ్ ఆ మొత్తాన్ని 4వ ఎపిసోడ్ ఒక్కదాంట్లో ముగించేసింది. హ్యూస్ చనిపోయేది 2003లో 25వ ఎపిసోడ్‌లో, రీమేక్‌లో 10వ దాంట్లో. యూస్‌వెల్ గని కథ 2003లో పూర్తి 9వ ఎపిసోడ్, రీమేక్‌లో గతం గుర్తుచేసుకునే చిన్న ముక్క. మొదటి సిరీస్ వచ్చి అయిదేళ్లే అయింది, జనానికి అది గుర్తుంటుందన్న లెక్కతో వేగంగా దాటేశారనే అనిపిస్తుంది. అంటే బ్రదర్‌హుడ్ మొదటి పది పన్నెండు ఎపిసోడ్లకి పూర్తి బరువు రావాలన్నా 2003 చూసి ఉండాలి. బ్రదర్‌హుడ్ గొప్ప సిరీసే, ఆ మాట వెనక్కి తీసుకోను. లింగ్, మే చాంగ్, బ్రిగ్స్ కోటలో ఒలీవియే ఆర్మ్‌స్ట్రాంగ్, వీళ్లెవరూ 2003లో లేరు, మాంగాని చివరిదాకా మోసింది అదే. కానీ అది కావాలనుకున్నవాడు దాన్నే అడుగుతాడు కదా.

ఈ మోసం ఇంత తేలిక కావడానికి కారణం పేరే. బ్రదర్‌హుడ్ అన్నది బయటి దేశాల్లో పెట్టిన పేరు. జపాన్‌లో రెండు సిరీస్‌లకీ పేరు ‘హగానె నో రెన్‌కిన్‌జుత్సుషి’, రెండోదానికి పక్కన ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అని ఇంగ్లిష్ అక్షరాలు చేర్చారంతే. అట్ట మీద జపనీస్ అక్షరాలు చూసి ఏది ఏదో చెప్పలేం. ఎపిసోడ్ల సంఖ్య, సంవత్సరం చూడాలి: 51 అయితే 2003–2004, 64 అయితే 2009–2010.

డిస్కు చేతికొచ్చాక తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. మొదటి ఎపిసోడ్ పెట్టండి. లియోర్ ఊళ్లో కార్నెల్లో అనే మతగురువు కథ మొదలైతే అది 2003. సెంట్రల్ నగరంలో ఐజాక్ మెక్‌డూగల్ అనేవాడు మంచు ఆల్కెమీ చేస్తూ కనిపిస్తే అది బ్రదర్‌హుడ్. ఆ పాత్ర మాంగాలో కూడా లేదు, రీమేక్ కోసమే పుట్టింది. తెర ఆకారం ఇంకో గుర్తు. 2003 సిరీస్ 4:3లో ఉంటుంది, పక్కల నల్ల పట్టీలు రావాలి. బ్రదర్‌హుడ్ 16:9. 2003 అని చెప్పి తెర నిండా వస్తోందంటే, పైనా కిందా కోసేశారు లేదా సాగదీశారు. గొంతులతోనూ పట్టుకోవచ్చు. ఎడ్, అల్ జపనీస్ గొంతులు రెండింటిలోనూ రోమి పార్క్, రియె కుగిమియా, కాబట్టి వాళ్లతో తేలదు. సైనికాధికారి మస్టాంగ్ పాత్రని వినండి: 2003లో తోరు ఒకావా, రీమేక్‌లో షినిచిరో మికి. ఇంగ్లిష్ డబ్‌లో అల్ గొంతు మారింది, 2003లో ఆరన్ డిస్మ్యూక్, తర్వాత మ్యాక్సీ వైట్‌హెడ్.

ఇక పైరసీ సంగతి. డిస్కుల సంఖ్య అడగకుండా డబ్బు కట్టకండి. 64 ఎపిసోడ్లు అయిదు డిస్కుల్లో అంటే ఒక్కోదాంట్లో దాదాపు 13. ఒక్కోటి 24 నిమిషాలు, మొత్తం 312 నిమిషాలు. దాన్ని 4.7 జీబీ డీవీడీలో కుక్కితే సెకనుకి దాదాపు 2 మెగాబిట్లే దక్కుతాయి, అందులోనే రెండు భాషల ఆడియో. అదే డిస్కులో నాలుగే ఎపిసోడ్లు ఉంటే 6 దాటుతుంది. తేడా ఎక్కడ బయటపడుతుందంటే చీకటి సీన్లలో, పరివర్తన వలయం మెరిసేటప్పుడు: బొమ్మంతా గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. డిస్కు వెనక్కి తిప్పి చూడండి. ఫ్యాక్టరీలో అచ్చొత్తినది వెండి రంగులో ఉంటుంది, ఇంట్లో రాసినది ఊదా ఛాయలో ఉంటుంది. నాకొచ్చిన అయిదూ ఊదావే.

‘ఆల్ రీజియన్, ఏ ప్లేయర్‌లో అయినా ఆడుతుంది’ అని ఎవరైనా గొప్పగా చెప్తే అక్కడే ఆగండి. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో రీజియన్ కోడ్ చెప్తుంది. డీవీడీల్లో అమెరికా రీజియన్ 1, జపాన్ 2, ఇండియా 5. బ్లూరేలో అమెరికా, జపాన్ రెండూ ఎ, ఇండియా సి. లైసెన్స్ ఉన్న కంపెనీలు రీజియన్ లాక్ లేకుండా ఇచ్చిన డిస్కులూ కొన్ని ఉన్నాయి, కానీ అసలు ఇంపోర్ట్ అమ్మేవాడు ఏ దేశం ఎడిషనో చెప్పగలగాలి. అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో వదినతోనో తెప్పించుకునేవాళ్లు కూడా ఇది చూసుకోండి. అక్కడ చక్కగా ఆడిన డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో మొరాయించవచ్చు. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకునే అవకాశం అయిదుసార్లే, ఆ తర్వాత చివరిదాని దగ్గరే బిగిసిపోతుంది. జపాన్ ఎడిషన్లలో సాధారణంగా ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉండవు, ధర చూసి తొందరపడకండి.

ఇదే ఆట హంటర్ ఎక్స్ హంటర్‌తోనూ ఆడొచ్చు: 1999 సిరీస్ 62 ఎపిసోడ్లు, తర్వాత 30 ఓవీఏలు (టీవీలో కాకుండా నేరుగా వీడియోగా వచ్చిన ఎపిసోడ్లు), 2011ది 148. మొదటి ఎపిసోడ్‌లో కైట్ అనే పాత్ర కనిపిస్తే 1999. ఫ్రూట్స్ బాస్కెట్ 2001ది 26, 2019లో మొదలైనది మూడు సీజన్లు కలిపి 63. షామన్ కింగ్ దగ్గర మరీ జాగ్రత్త, అక్కడ పాతదే పెద్దది: 2001ది 64, 2021ది 52.

సెల్లర్‌ని అడగాల్సినవి: డిస్కుల వెనక వైపు ఫోటో, ఎన్ని డిస్కులు, మొదటి ఎపిసోడ్ మెనూ ఫోటో. ఇవ్వకపోతే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు సీల్ కనిపించేలా ఒకే వీడియోగా తీయండి. ‘సీల్ తీశారు కాబట్టి రిటర్న్ లేదు’ అన్నది చెల్లదు: 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువుని, నకిలీ వస్తువుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. లిస్టింగ్ స్క్రీన్‌షాట్, యూపీఐ లావాదేవీ నంబర్, చాట్ మొత్తం దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. సెల్లర్ బ్లాక్ చేయకముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఈ సెల్లర్ చేతిలో ఇలాగే పోగొట్టుకున్నవాళ్లు ఉంటే మీరూ ఫిర్యాదు పెట్టండి, ఆ లిస్టింగ్ ఇంకా తీయలేదు.