‘వండాక మొత్తం బరువు’: కేలరీల యాప్‌లో సొంత వంటల పేజీ, రెండేళ్ల వాడకం తర్వాత

బార్‌కోడ్ స్కాన్, అడుగుల లెక్క, నీళ్ల గ్లాసుల గుర్తింపు గురించి ఇక్కడ ఏమీ రాయడం లేదు. ఏ కేలరీల యాప్ తెరిచినా అవే ఉంటాయి. రెండేళ్లుగా ఈ యాప్‌ని రోజూ తెరవడానికి కారణం ఒక్కటే. ‘సొంత వంట’ పేజీలో అట్టడుగున, చాలామంది ఖాళీగా వదిలేసే చిన్న గడి: ‘వండాక మొత్తం బరువు’.

ఆ గడి నింపకపోతే యాప్ ‘ఎన్ని సర్వింగులు?’ అని అడుగుతుంది. గోదావరి జిల్లాల వంటింట్లో సర్వింగు అనే లెక్కే లేదు. గిన్నె ఉంటుంది, గరిటె ఉంటుంది, ఎవరి ఆకలి వాళ్లది. ‘నాలుగు’ అని కొడితే పొలం నుంచి వచ్చిన మనిషి కంచానికీ బడి పిల్ల కంచానికీ ఒకే అంకె పడుతుంది. బరువు గడి నింపితే ఆ గొడవే లేదు. పచ్చి సరుకులు గ్రాముల్లో ఎక్కించాలి, దించాక గిన్నెలో ఉన్నదాని బరువు రాయాలి, ఆపైన ఎవరి కంచంలో ఎన్ని గ్రాములు పడ్డాయో అంతే నమోదు చేసుకోవాలి.

మామిడికాయ పప్పునే చూడండి. కందిపప్పు 200 గ్రాములు, దాదాపు 660 కేలరీలు. తొక్కా టెంకా తీసిన ముక్కలు 150 గ్రాములు, సుమారు 70. తాలింపు నూనె 20 గ్రాములు, 180. మొత్తం 910. గిన్నెతో సహా తూచి ఖాళీ గిన్నె బరువు తీసేస్తే 1,050 గ్రాములు వచ్చిందనుకుందాం. గడిలో 1050 కొట్టగానే యాప్ వంద గ్రాములకు 87 అని చూపిస్తుంది. 70 గ్రాములు పట్టే గరిటెతో ఒక గరిటె వేసుకుంటే 61 కేలరీలు. పప్పు పలచబడినా, ఇగిరి గట్టిపడినా లెక్క చెదరదు. నీటికి కేలరీలు లేవు కాబట్టి ఆ తేడా అంతా మొత్తం బరువులోనే తేలిపోతుంది.

ఖాళీ గిన్నెల బరువులు దాచుకోవడానికి యాప్‌లో వేరే చోటు లేదు. వంట పేరు కింద ‘గమనిక’ గడిలో ‘పెద్ద స్టీలు గిన్నె 612, ఇండాలియం కళాయి 845’ అని రాసి పెట్టుకుంటే సరిపోతుంది. మట్టి దాకతో మాత్రం జాగ్రత్త. మట్టి తడి పీలుస్తుంది, ఎండకు ఆరుతుంది, అందుకే దాని బరువు రోజుకోలా ఉంటుంది. చేపల పులుసు దాకలో పెట్టే ఇళ్లలో ఏ రోజుకారోజు పొయ్యి ఎక్కించే ముందు దాకని తూచుకోవాలి. వంటింటి కాటాలు చాలావరకు 5 కిలోల దాకే తూస్తాయి. పెద్ద కుక్కరును నిండుగా ఎక్కిస్తే అంకెకి బదులు తప్పు గుర్తు వస్తుంది. అలాంటప్పుడు వేరే గిన్నెలోకి వంచి తూచడమే.

కంచం కాటా మీద పెట్టి సున్నా నొక్కి, కూర కోసం అటు తిరిగేసరికి కాటా ఆరిపోవడం అందరికీ అనుభవమే. దానికి ఉపాయం ఉంది. కంచానికి బదులు కూరగిన్నెనే కాటా మీద పెట్టి సున్నా చేయాలి. వడ్డించుకున్నాక తెర మీద మైనస్ 145 అని కనబడుతుంది. ఆ 145 గ్రాములే కంచంలో పడ్డది. ముగ్గురికి వడ్డించినా, మధ్యమధ్య సున్నా నొక్కుకుంటూ పోతే ముగ్గురి లెక్కా తెగుతుంది.

పేర్ల దగ్గర మొదట్లో చాలా ఇబ్బంది పడతారు. యాప్ వెతుకులాట పేరు మొదటి అక్షరాల్నే చూస్తుంది. ‘గుత్తి వంకాయ’ అని దాచుకుని, నెల తర్వాత ‘గుత్తొంకాయ’ అని వెతికితే దొరకదు. తెలుగులో సంధి కలిసిన మాటా విడదీసిన మాటా ఒకటేనని యాప్‌కి తెలియదు. ‘ములక్కాడ’ అని ఒకరు, ‘మునక్కాయ’ అని ఇంకొకరు రాసినా అంతే. ఒకే ఖాతాని ఇంట్లో ఇద్దరు వాడితే ఒకే కూర రెండు పేర్లతో తయారవుతుంది. సరుకు పేరు ముందు, వంట తీరు తర్వాత రాస్తే ఈ బెడద పోతుంది: ‘వంకాయ, గుత్తి’, ‘వంకాయ, పచ్చిపులుసు’, ‘పనస, పొట్టు కూర’, ‘కంద, బచ్చలి’. ‘వం’ కొట్టగానే వంకాయ వంటలన్నీ వరుసగా వస్తాయి.

ఇక అన్నం. ఈ ఫీచర్ గొప్పదనం తెలిసిందీ, దాని లోపం బయటపడిందీ అన్నం దగ్గరే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం పచ్చి తెల్లబియ్యం వంద గ్రాములకు 356 కేలరీల చిల్లర. 400 గ్రాముల బియ్యం వండితే 1,424. ఇంతవరకు తిరుగులేదు. వండాక ఎంత బరువు తూగుతుందన్నదే బియ్యాన్ని బట్టి మారుతుంది. పాత బియ్యం ఎసరు బాగా లాగుతాయి, ఒదుగు ఎక్కువ. మా అత్తెసరు గిన్నెలో (గంజి వార్చకుండా) 400 గ్రాముల పాత బియ్యానికి 1,180 గ్రాముల అన్నం వచ్చింది, అంటే వంద గ్రాములకు 121. సంక్రాంతి ముందు సార్వా (వానకాలం పంట) కొత్త బియ్యం మొదలుపెట్టాక అదే 400 గ్రాములకు 1,000 గ్రాములే తూగింది. నీళ్లు ఎక్కువ పోస్తే ముద్దవుతుంది కాబట్టి ఎసరు తగ్గించక తప్పదు. ఇప్పుడు వంద గ్రాములకు 142. కంచంలో 300 గ్రాములు పెట్టుకుంటే పాత బియ్యంతో 362, కొత్త బియ్యంతో 427. పూటకి 65 తేడా. రెండు పూటలా అన్నం తినే ఇంట్లో రోజుకు 130.

యాప్‌లో సెప్టెంబరు నుంచి వాడుతున్న మా ‘అన్నం’ ఎంట్రీని తెరిచి, మొత్తం బరువు 1180 తీసేసి 1000 వేసి దాచడం జరిగింది. తప్పంతా అక్కడే. ఆ రోజు నుంచి కొత్త లెక్క నడుస్తుందనుకుంటే, సెప్టెంబరు నుంచి తిన్న ప్రతి అన్నం ఎంట్రీ 362 నుంచి 427కి మారిపోయింది. హెచ్చరిక రాలేదు, ‘పాత రోజులకూ వర్తించాలా?’ అన్న ప్రశ్న రాలేదు. నాలుగు నెలల మీద ఎక్కువ పడ్డది దాదాపు 15,600 కేలరీలు. కిలో కొవ్వుకు 7,700 అన్న మామూలు లెక్కన చూస్తే రెండు కిలోలు.

అంతటితో పోలేదు. ఈ యాప్ మనం తిన్నదాన్నీ బరువులో వచ్చిన మార్పునీ పోల్చి రోజువారీ లక్ష్యాన్ని తనే సవరిస్తుంది. బరువు ఎప్పటిలాగే ఉంది, తిండి మాత్రం వెనక్కెళ్లి పెరిగింది. దాంతో ఈ ఒంటికి ఖర్చు ఎక్కువని లెక్కగట్టి లక్ష్యాన్ని ఇంచుమించు 130 పెంచేసింది. పెంచిన లక్ష్యం ప్రకారం తింటూ పోతే తూకం పైకి కదలడం ఖాయం. తప్పు బయటపడింది కూడా లక్ష్యం పెరగడం వల్లనే. నెలవారీ సగటు తెరిచి చూస్తే అక్టోబరు అంకె, అంతకుముందు ఫైలుగా దింపి దాచుకున్న అక్టోబరు అంకెతో కలవలేదు. యాప్ సహాయ విభాగానికి రాస్తే, సొంత వంటని సవరిస్తే అన్ని తేదీలకూ వర్తించడమే తమ పద్ధతని జవాబొచ్చింది. వెనక్కి తిప్పే బటన్ లేదు.

సరిచేసుకునే దారి ఇది. ముందు ‘అన్నం’లో 1180 మళ్లీ వేయాలి, పాత రోజులు సర్దుకుంటాయి. తర్వాత ఆ ఎంట్రీ మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి ‘నకలు’ తీసి, దానికి ‘అన్నం, కొత్త బియ్యం, జనవరి’ అని పేరు పెట్టి అందులో 1000 వేయాలి. బియ్యం మారిన తేదీ నుంచి ఒక్కో ఎంట్రీని తీసేసి కొత్తది పెట్టాలి. తొమ్మిది రోజులకు పద్దెనిమిది ఎంట్రీలు అలాగే చేత్తో మార్చాల్సి వచ్చింది. ఆఖరున సెట్టింగుల్లో లక్ష్యాన్ని చేత్తో పాత అంకెకి దించాలి, లేకపోతే అది సర్దుకోవడానికి వారాలు పడుతుంది. దాచిన వంటని ఎప్పుడూ సవరించకూడదు, నకలు తీసి నెల పేరు తగిలించుకోవాలి. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఇంకో నకలు. స్వర్ణ నుంచి సాంబ మసూరికి మారినా మరొకటి.

వంద గ్రాములకు 121 అన్నది కూడా ఆ బియ్యానికీ ఆ గిన్నెకీ చెందిన అంకె. గంజి వార్చే ఇళ్లలో గంజితో కొంత పిండి పోతుంది, దాన్ని ఈ గడి పట్టుకోలేదు. చద్దన్నానికి నీళ్లో మజ్జిగో పోశాక తూస్తే అంకె పూర్తిగా తప్పు. పోయకముందే అన్నాన్ని తూచి, మజ్జిగని విడిగా రాసుకోవాలి.

నీటికి కేలరీలు లేవు కాబట్టి లెక్క చెదరదని పైన రాసింది పప్పుకి నిజం, చేపల పులుసుకి అంతగా కాదు. పులుసు మీద నూనె తేలుతుంది. పైపైన తోడుకున్నవాళ్లకీ అడుగు నుంచి తోడుకున్నవాళ్లకీ గ్రాముకి కేలరీలు ఒకటి కావు. ముక్కలకీ పులుసుకీ తేడా మరీ ఎక్కువ. శీలావతో బొచ్చో పెట్టినప్పుడు ముక్కల్ని ఒక వంటగా, పులుసుని ఇంకో వంటగా రాసి, నూనెని పూర్తిగా పులుసు ఖాతాలో వేయడం మేలు. తిన్నాక కంచంలో మిగిలిన ముళ్లు తూచి ముక్కల బరువులోంచి తీసేయాలి. మర్నాడు వేడి చేస్తే పులుసు చిక్కబడుతుంది. ముందు 800 గ్రాములున్నది కాగాక 720 అయిందనుకోండి, 180 గ్రాములు తింటే 200 అని నమోదు చేయాలి. తిన్న బరువుని పాత బరువుతో గుణించి కొత్త బరువుతో భాగిస్తే చాలు.

నెయ్యి, ఆవకాయ మీద తేలిన నూనె ఏ వంటలోనూ కలపకూడదు, ఎప్పుడూ విడిగానే రాయాలి. కరిగిన నెయ్యి చెంచాకి 40 కేలరీలైతే, చలికాలం పేరుకున్న నెయ్యి గోపురంలా తీస్తే అదే చెంచాలో 10 గ్రాములు, 90 కేలరీలు.

పూటల పేర్లు మార్చుకోవచ్చు, ఆరు దాకా పెట్టుకోవచ్చు. టిఫిన్, భోజనం, సాయంత్రం, రాత్రి అని పెట్టుకుంటే చాలు.

నలుగురూ ఎక్కించిన ఉమ్మడి జాబితాలో అంకెల్ని మాత్రం చూడకుండా తీసుకోవద్దు. వంద గ్రాముల బియ్యానికి 1,491 కేలరీలని ఒక ఎంట్రీ ఉంది. పోషకాహార సంస్థ పట్టికలు శక్తిని కిలోజౌళ్లలో (కేలరీలాగే శక్తికి ఇంకో కొలత) ఇస్తాయి, ఎవరో ఆ అంకెని అలాగే కేలరీల గడిలో కొట్టారు. 4.184తో భాగిస్తే అసలు 356 వస్తుంది. స్వచ్ఛమైన నూనె గ్రాముకి 9 కేలరీలే. ఏ పదార్థానికైనా వంద గ్రాములకు 900 దాటి కనిపిస్తే అది తప్పే.

ఇదంతా ఇంట్లోనే వండుకుని, పొయ్యి పక్కన కాటా పెట్టుకునే వీలున్న ఇంటి మాట. మెస్సులో తినేవాళ్లకి, వారంలో నాలుగు రోజులు బయట తినేవాళ్లకి ఈ గడి అక్కరకు రాదు, వాళ్లకి ఉచిత ఖాతా చాలు. ఇన్సులిన్ తీసుకుంటూ పిండిపదార్థం గ్రాముల్లో లెక్క చూసుకునేవాళ్లు వైద్యుల్ని అడగకుండా ఈ అంకెల్ని నమ్ముకోకూడదు, ముఖ్యంగా గంజి వార్చే ఇళ్లలో. మేం ఇంకో ఏడాదికి చందా కట్టాం. కట్టేముందు రెండేళ్ల ఎంట్రీలన్నీ ఫైలుగా దింపి పెట్టుకున్నాం, ఇక ప్రతి నెలా ఒకటో తారీఖున దింపుతాం.