ఇంటి స్టోరేజ్ సర్వర్‌కి ఏ ఓఎస్: ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్, అన్‌రెయిడ్

పాత డెస్క్‌టాప్‌కి నాలుగు హార్డ్ డిస్కులు తగిలించి, ఇంటిల్లిపాది ఫొటోలూ వీడియోలూ ఒకేచోట దాచుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ ఓఎస్ వేసుకోవాలనే. డిస్కుల లెక్క తేలకుండా దానికి జవాబు లేదు. ఎన్ని ఉన్నాయి, అన్నీ ఒకే సైజా, రెండేళ్ల తర్వాత ఇంకోటి కలపాలా? ఓఎస్‌తో పాటే డేటా రాసే పద్ధతి కూడా దాదాపు ఖరారైపోతుంది. తర్వాత మనసు మార్చుకుంటే చాలావరకు డిస్కులన్నీ ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఒకే సైజువి రెండు కొత్త డిస్కులు, 8 జీబీ ర్యామ్ ఉంటే కళ్లు మూసుకుని ట్రూనాస్ కమ్యూనిటీ ఎడిషన్ వేసుకోవచ్చు. ఉచితం, డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది. ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే పాత కోర్ వెర్షన్‌ని కొత్త మెషీన్‌కి వెయ్యొద్దు. ట్రూనాస్ బలమంతా జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్కు మీద డేటా రాసే పద్ధతిలో, ఉంది. రాసిన ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్, అంటే డేటా పాడైందో లేదో పట్టించే లెక్క, ఉంటుంది. మిర్రర్‌లో, అంటే ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ రాసే ఏర్పాటులో, ఒక డిస్కు మీది బ్లాకు పాడైతే చదివేటప్పుడే పసిగట్టి, రెండో డిస్కులోని మంచి కాపీతో సరిచేస్తుంది. టెరాబైట్‌కి ఒక జీబీ ర్యామ్ కావాలన్న మాట ఇంటి వాడకానికి పట్టించుకోనక్కర్లేదు, డీడూప్ (ఒకేలాంటి డేటాని ఒక్కసారే దాచే సదుపాయం) మాత్రం ఆన్ చేయొద్దు. ఫైళ్ల షేరింగ్ వరకూ 8 జీబీ సరిపోతుంది. జెల్లీఫిన్ (వీడియోలకి), ఇమ్మిచ్ (ఫొటోలకి) లాంటి యాప్‌లు కూడా నడపాలంటే 16 పెట్టుకోండి.

ఇన్‌స్టాల్ చేసే డిస్కు మొత్తాన్నీ ట్రూనాస్ తనకే తీసుకుంటుంది, మిగిలిన చోటు డేటాకి ఇవ్వదు. కాబట్టి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని దీనికి వృథా చేయకండి, చౌక 128 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డేటా డిస్కుల కేబుళ్లు పీకేయండి. జాబితాలో పొరపాటున వేరే డిస్కుకి టిక్కు పడితే అందులోది పోయినట్టే. తర్వాత డేటా డిస్కులను కలిపి ఒక మిర్రర్ పూల్ చేసి, షేర్ చేయడానికి అందులో విడిగా ఒక డేటాసెట్ (సొంత సెట్టింగులుండే ఫోల్డర్ లాంటిది) చేయండి. డేటాసెట్ చేసేటప్పుడే ప్రీసెట్‌లో ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి) ఎంచుకోవాలి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే అన్న సెట్టింగ్ అప్పుడే పడిపోతుంది, తర్వాత మార్చలేం.

ఆ వెంటనే గంటకోసారి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా గుర్తుపెట్టుకునేది), రెండు వారాల గడువు పెట్టేయండి. పిల్లలు ఫోల్డర్ చెరిపేసినా, రాన్సమ్‌వేర్ పడినా విండోస్‌లో రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్‌లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోవాలి: 200 జీబీ డిలీట్ చేసినా చోటు పెరగలేదంటే సిస్టమ్ తప్పు కాదు. పాత స్నాప్‌షాట్లు ఆ బ్లాకులను పట్టుకునే ఉంటాయి, గడువు తీరాకే వదులుతాయి.

రెయిడ్‌జెడ్ అంటే డేటాతో పాటు ప్యారిటీని, అంటే పోయిన డిస్కులోది తిరిగి లెక్కగట్టడానికి పనికొచ్చే అదనపు సమాచారాన్ని, డిస్కులన్నిటికీ పంచి రాసే జెడ్‌ఎఫ్‌ఎస్ ఏర్పాటు. దానికి ఒక్కో డిస్కూ కలుపుతూ పెంచుకునే వీలు ట్రూనాస్ 24.10 వెర్షన్ నుంచి వచ్చింది. కానీ పాత డేటా తిరిగి రాసేదాకా పాత ప్యారిటీ నిష్పత్తిలోనే ఉంటుంది, అందుకే అనుకున్నంత చోటు వెంటనే కనిపించదు. ఇక్కడ జరిగే ఘోరమైన తప్పు, విస్తరించబోయి కొత్త డిస్కుని ఒంటరి వీడెవ్‌గా (పూల్‌లో విడి భాగంగా) కలపడం. ఆ ఒక్క డిస్కు పోతే పూల్ మొత్తం పోతుంది. రెయిడ్‌జెడ్ పూల్‌లోంచి దాన్ని తీసేసే దారి కూడా లేదు. హెచ్చరిక వస్తే ఆగి చదవండి.

డిస్కులు 2, 4, 8 టీబీ ఇలా తలోరకంగా ఉంటే అన్‌రెయిడ్ హాయి. అన్నిటికంటే పెద్దది ప్యారిటీకి పోతుంది, మిగతావి దేనికది విడి ఫైల్ సిస్టమ్. ఒకే ప్యారిటీ ఉండి రెండు డేటా డిస్కులు ఒకేసారి పోయినా మిగతా వాటిలోని ఫైళ్లు చదువుకోవచ్చు. వాడని డిస్కు తిరగకుండా ఆగిపోతుంది కాబట్టి కరెంటు ఆదా. రాయడం మాత్రం నెమ్మది: ప్రతి రాతకీ పాత డేటా, పాత ప్యారిటీ చదివి లెక్కగట్టి రెండూ తిరిగి రాస్తుంది. అందుకే కొత్త ఫైళ్లు ముందు వేగంగా రాసుకోవడానికి ఎస్‌ఎస్‌డీ క్యాష్ పెడతారు. లైసెన్సు మామూలుగా అది బూట్ అయ్యే పెన్‌డ్రైవ్‌కి ముడిపడి ఉంటుంది. 2024 మార్చిలో వచ్చిన ధరల ప్రకారం ఆరు డిస్కుల స్టార్టర్ 49 డాలర్లు, పరిమితి లేని అన్‌లీష్డ్ 109. రెండిటికీ అప్‌డేట్లు ఏడాది వరకే. 30 రోజుల ట్రయల్ ఉంది. ఫొటోలకి మాత్రం నేను దీన్ని రెండో స్థానంలోనే పెడతాను, ఇది మామూలుగా వాడే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఫైళ్లలోని డేటాకి చెక్‌సమ్ ఉండదు కనుక.

2 జీబీ ర్యామ్ పాత మెషీన్, రాస్ప్‌బెర్రీ పై లాంటివాటికి ఓపెన్‌మీడియావాల్ట్ సరైనది. మొదటి లాగిన్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఓపెన్‌మీడియావాల్ట్, వెంటనే మార్చేయండి. షేర్ చేసినా కనిపించడం లేదంటే పైన పసుపు పట్టీలో టిక్కు నొక్కలేదన్నమాట. అది నొక్కేదాకా ఏ మార్పూ అమల్లోకి రాదు. సాంబా (ఎస్‌ఎంబీ షేరింగ్ నడిపే ప్రోగ్రాం) సెట్టింగుల ఫైల్‌ని చేత్తో దిద్దితే తర్వాతి మార్పుతో చెరిగిపోతుంది. మెర్జర్‌ఎఫ్‌ఎస్ (డిస్కులన్నిటినీ ఒకటిగా చూపేది), స్నాప్‌రెయిడ్ (ప్యారిటీ లెక్కగట్టేది) ప్లగిన్లతో కలగలుపు డిస్కులు కూడా వాడొచ్చు. అయితే స్నాప్‌రెయిడ్ సింక్ నడిచినప్పుడే ప్యారిటీ కొత్తదవుతుంది, ఈరోజు రాసిన ఫైలుకి రాత్రి సింక్ అయ్యేదాకా రక్షణ లేదు. సినిమాలకి పర్లేదు, రోజూ మారే ఆఫీసు ఫైళ్లకి వద్దు.

ఏది వేసినా డిస్కు సీఎంఆర్ రకమా (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా రాసేదా) అని కొనేముందే చూడండి. ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా రాసే ఎస్‌ఎంఆర్ డిస్కుతో జెడ్‌ఎఫ్‌ఎస్ రీసిల్వర్ (మార్చిన డిస్కులోకి డేటా తిరిగి నింపడం) రోజుల తరబడి సాగుతుంది, మధ్యలో డిస్కు తప్పుకున్నా ఆశ్చర్యం లేదు. డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 5, 197, 198 నంబర్ల వరుసల్లోని లెక్క పెరుగుతుంటే డిస్కు మార్చాలి. 199వ వరుస లెక్క ఒక్కటే పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

కరెంటు పోయినప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్‌కి చివరి కొన్ని సెకన్ల రాతలు పోతాయంతే. అన్‌రెయిడ్ అయితే తిరిగి లేచాక గంటల తరబడి ప్యారిటీ చెక్ నడుపుతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో దాని స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే కరెంటు మారే క్షణంలో సర్వర్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. బ్యాటరీ అయిపోతోందని మామూలు ఇన్వర్టర్ సర్వర్‌కి చెప్పలేదు. యూఎస్‌బీ పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ మధ్యలో పెట్టి ఓఎస్‌లో యూపీఎస్ సర్వీస్ ఆన్ చేస్తే, బ్యాటరీ అడుగంటే లోపు సర్వర్ తనంతట తానే షట్‌డౌన్ అవుతుంది.