మెష్ వైఫై కొంటున్నారా? పరికరాన్ని ఫలానా యూనిట్‌కి లాక్ చేసే ఆప్షన్ ఉందో లేదో ముందే చూసుకోండి

ఇల్లంతా ఒకే వైఫై పంచే రెండు మూడు డబ్బాల (యూనిట్ల) మెష్ సెట్ మీద వేలకు వేలు పెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. దాని యాప్‌లో ఒక కెమెరానో, టీవీనో ఎంచుకుని "ఇది మేడమీది యూనిట్‌కే కనెక్ట్ కావాలి" అని చెప్పే వీలుందా? ప్యాకెట్ మీద "సీమ్‌లెస్ రోమింగ్", "ఏఐ రోమింగ్", "ఇల్లంతా ఒకే పేరు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఈ లాక్ గురించి మాత్రం ఎక్కడా ఉండదు. చాలా సెట్లలో అది లేనే లేదు. ఆ సంగతి బిగించి, వాడి, విసిగిపోయాక తెలుస్తుంది. అప్పటికి రిటర్న్ గడువు దాటిపోయి ఉంటుంది.

ఇబ్బంది ఎలా ఉంటుందంటే, గేటు వైపు సీసీ కెమెరా ఉంటుంది, దానికి పదడుగుల దూరంలో పోర్టికోలో ఒక యూనిట్ ఉంటుంది. కెమెరా మాత్రం రెండు ఇటుక గోడలూ ఒక శ్లాబూ దాటి, పైఅంతస్తు హాల్లోని మెయిన్ యూనిట్‌ని పట్టుకుని -80 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) దగ్గర వేలాడుతుంది. లైవ్ వ్యూ తిరుగుతూనే ఉంటుంది, రికార్డింగ్‌లో మధ్యమధ్య ఖాళీలు పడతాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయమంటారు, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ అంటారు, ఆ తర్వాత ఇంకో యూనిట్ కొనమంటారు. ఆ మూడోది మాత్రం వినకండి. యూనిట్లు పెరిగేకొద్దీ తప్పు యూనిట్‌ని పట్టుకునే అవకాశాలూ పెరుగుతాయి.

నష్టం ఆ కెమెరాతో ఆగదు. సిగ్నల్ బలహీనంగా ఉన్న పరికరం తక్కువ వేగంతో మాట్లాడుతుంది కాబట్టి అదే డేటా పంపడానికి ఎక్కువసేపు గాలిని ఆక్రమిస్తుంది. వైఫైలో ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. రోజంతా 2 నుంచి 4 ఎంబీపీఎస్ వీడియో పంపే కెమెరా 6 ఎంబీపీఎస్ రేటుకి పడిపోయిందంటే, అదే ఛానల్ మీద ఉన్న మిగతావన్నీ దాని వంతు అయ్యేదాకా ఆగాల్సిందే. ఒక్క కెమెరా వల్ల ఇంట్లో వాళ్ల వీడియో కాల్స్ తెగడానికి కారణం ఇదే.

ఏ యూనిట్‌కి చేరాలో నిర్ణయించేది మెష్ కాదు, పరికరం. వైఫై మొదటి నుంచీ నడుస్తున్న పద్ధతి అది. వైఫై ప్రమాణాల్లో 802.11కె ద్వారా చుట్టుపక్కల ఉన్న యాక్సెస్ పాయింట్ల (వైఫై సిగ్నల్ ఇచ్చే యూనిట్ల) జాబితా అందుతుంది. 802.11వి ద్వారా "అటు వెళ్లు" అని సలహా అందుతుంది. 802.11ఆర్ మారేటప్పుడు పట్టే సమయాన్ని తగ్గిస్తుంది. ఈ మూడింటిలో ఏదీ ఆజ్ఞ కాదు. సలహాని పరికరం కాదనవచ్చు, చౌక పరికరాలకు అసలు ఆ భాషే రాదు. ఐఫోన్‌నే తీసుకోండి. ఆపిల్ ప్రకటించిన లెక్క ప్రకారం సిగ్నల్ -70 డీబీఎం దిగువకు పడితే తప్ప అది మరో యాక్సెస్ పాయింట్ కోసం వెతకదు. వెతికాక కూడా, డేటా నడుస్తుంటే 8 డీబీ, ఖాళీగా ఉంటే 12 డీబీ మెరుగ్గా ఉన్నదానికే మారుతుంది. అంటే -68 దగ్గర ఉన్న ఫోన్ పక్క గదిలో -45 ఉన్నా కదలదు. పాడైపోయి కాదు, దాని రూలే అంత.

ఫోన్ చేతిలో తిరుగుతుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మారుతుంది. గోడకి బిగించిన కెమెరా, స్మార్ట్ ప్లగ్, ఏసీ, టీవీ అలా కాదు. మొదట ఎక్కడ చేరితే అక్కడే నెలల తరబడి ఉండిపోతాయి. చౌక స్మార్ట్ పరికరాల్లో ఎక్కువగా కనిపించే ఈఎస్‌పీ32 చిప్‌లో డిఫాల్ట్ అమరిక ఫాస్ట్ స్కాన్. 1వ ఛానల్ నుంచి మొదలుపెట్టి, తెలిసిన పేరు కనబడగానే వెతకడం ఆపేసి చేరిపోతుంది, బలమైనది ఏదో పోల్చి చూడదు. తయారీదారు ఆ అమరిక మార్చకపోతే, పక్కనే యూనిట్ ఉన్నా ఆ పరికరం దూరంగా ఉన్నదాన్ని పట్టుకోవడంలో వింతేమీ లేదు.

మన ఇళ్లలో దీన్ని ఇంకా పెంచేది కరెంటు కోత. ఓఎన్‌టీకీ (ఫైబర్ నెట్ లైన్ వచ్చి చేరే డబ్బా) మెయిన్ యూనిట్‌కీ మినీ యూపీఎస్ ఉంటుంది, మిగతా యూనిట్లకు ఉండదు. కరెంటు పోగానే శాటిలైట్లు, అంటే ఆ మిగతా యూనిట్లు, ఆరిపోతాయి. ఇన్వర్టర్ మీద ఉన్న కెమెరాలూ టీవీలూ బతికి ఉన్న ఒకే ఒక్క మెయిన్ యూనిట్‌కి పరుగెత్తుతాయి. కరెంటు వచ్చాక శాటిలైట్ లేచి తన వంతు మొదలుపెట్టడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత కూడా సిగ్నల్ పూర్తిగా తెగలేదు కాబట్టి అవి వెనక్కి రావు. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఈరోజు ఏమైందో" అనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇక్కడుంది. శాటిలైట్లకూ మినీ యూపీఎస్ పెడితే సగం బాధ పోతుంది. కొనేముందు అడాప్టర్ మీద ఓల్టేజీ, ఆంపియర్లు చదవండి. 12 ఓల్టులు అడిగేవి ఉన్నాయి, 9 అడిగేవీ ఉన్నాయి, యూఎస్‌బీ-సీ పవర్ అడిగేవీ ఉన్నాయి. ఓల్టేజీ తేడా వస్తే యూనిట్ కాలిపోవచ్చు.

ఇక కొనేముందు ఏం చూడాలి? ప్రోడక్ట్ పేజీని నమ్మకండి. కంపెనీ సైటులో ఆ మోడల్ యూజర్ గైడ్ దించుకుని "క్లయింట్" భాగం చదవండి. సీరీస్ గైడ్ సరిపోదు, మీరు కొంటున్న మోడల్ నంబరు, హార్డ్‌వేర్ వెర్షన్‌తో సహా సరిపోవాలి. యూనిఫై, ఒమాడా బ్రాండ్లలో పరికరాన్ని యాక్సెస్ పాయింట్‌కి లాక్ చేసే ఆప్షన్ సూటిగా ఉంటుంది. ఆసుస్ ఏఐమెష్‌లో క్లయింట్‌ని (అంటే పరికరాన్ని) ఒక నోడ్‌కి (యూనిట్‌కి) బైండ్ చేయవచ్చు. టీపీ-లింక్ డెకో యాప్‌లో రెండు వేర్వేరు సంగతులున్నాయి, వాటిని కలిపేసుకోకండి. పరికరం పేజీలో "మెష్ టెక్నాలజీ" స్విచ్ ఆపితే రోమింగ్ సాయం ఆగుతుంది, ఏ యూనిట్ అన్నది మాత్రం అక్కడ ఎంచుకోలేరు. కొన్ని మోడళ్లలో ఉన్న "కనెక్షన్ ప్రిఫరెన్స్"లో అయితే యూనిట్‌నీ బ్యాండ్‌నీ (2.4 లేదా 5 గిగాహెర్ట్జ్) ఎంచుకోవచ్చు. ఈజీమెష్ ముద్ర చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. అది వేర్వేరు కంపెనీల యూనిట్లు కలిసి పనిచేసే ప్రమాణం, యాప్‌లో మీకు లాక్ ఇస్తామనే హామీ కాదు.

ఇంకో దగ్గర కూడా మోసపోతున్నారు. ఏసీ1200 అన్న అంకె 300కీ 867కీ వేసిన కూడిక. ఆ వేగం ఏ ఒక్క పరికరానికీ రాదు. అలాంటి చౌక సెట్లలో కొన్నింటికి ఈథర్‌నెట్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. 200 లేదా 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని దానికి కలిపితే 95 దాటదు. పోర్టుల దగ్గర "గిగాబిట్" లేదా "10/100/1000" అని కనబడకపోతే పక్కన పెట్టేయండి.

లాక్ ఉన్నంత మాత్రాన పని అయిపోదు. దగ్గరి యూనిట్‌కి కట్టేసినా, ఆ యూనిట్ మెయిన్‌తో బలహీనంగా మాట్లాడుతుంటే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం నడవదు. ఆ గీతలు మీకూ ఆ యూనిట్‌కీ మధ్య సిగ్నల్‌వి మాత్రమే. డ్యూయల్ బ్యాండ్ సెట్లో అదే 5 గిగాహెర్ట్జ్ రేడియో ఫోన్‌తోనూ మాట్లాడాలి, మెయిన్‌తోనూ మాట్లాడాలి, అందుకే ఒక్కో మజిలీకి వేగం సుమారు సగానికి పడుతుంది. బ్యాక్‌హాల్‌కి, అంటే యూనిట్‌కీ మెయిన్‌కీ మధ్య లింకుకి, కేబుల్ వేయగలిగితే వేయండి. ఇంటి దూరాలకు క్యాట్5ఈ సరిపోతుంది, 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ మోస్తుంది. షాపులో "సీసీఏ" అని ఉన్న కేబుల్ మాత్రం ఇవ్వనివ్వకండి. అది రాగి పూత వేసిన అల్యూమినియం, నిరోధం ఎక్కువ, మెలిపెడితే విరుగుతుంది. "ప్యూర్ కాపర్" అని అడిగి తీసుకోండి. కేబుల్ వీలుకాకపోతే యూనిట్‌ని సిగ్నల్ చచ్చిన గదిలో పెట్టకుండా, ఆ గదికీ మెయిన్‌కీ నడుమ, మెయిన్ సిగ్నల్ -65 డీబీఎం కన్నా మెరుగ్గా అందే చోట పెట్టండి.

ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ వైఫైని ఆపేయండి. మెష్‌కి కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టుకుంటే పరికరాలు తిరిగి పెట్టే శ్రమ తప్పుతుంది, అది మంచిదే. అయితే ఓఎన్‌టీ వైఫై వెలుగుతూనే ఉంటే మెష్ యాప్‌కి కనపడని ఇంకో యాక్సెస్ పాయింట్ ఇంట్లో ఉన్నట్టే. అక్కడికి వెళ్లిన పరికరం యాప్ జాబితాలోంచి మాయమవుతుంది, దాన్ని ఏ లాకూ వెనక్కి తేలేదు.

డబ్బా చేతికి వచ్చాక రిటర్న్ గడువులోనే పరీక్ష ముగించండి. ప్రతి యూనిట్‌కీ ప్రతి బ్యాండ్ మీదా ఒక బీఎస్‌ఎస్‌ఐడీ (ఆ యూనిట్‌ని గుర్తుపట్టే అడ్రస్) ఉంటుంది. వాటిని కాగితం మీద రాసుకోండి. ఆండ్రాయిడ్‌లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ అది చూపిస్తుంది. ఐఫోన్‌లో ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసి, సెట్టింగ్స్‌లో దాని వైఫై స్కానర్ ఆన్ చేయాలి. మ్యాక్‌లో అయితే ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని వైఫై గుర్తు మీద నొక్కితే చాలు. తర్వాత ఒక కెమెరాని ఒక యూనిట్‌కి లాక్ చేసి మూడు పనులు చేయండి. కెమెరాని ఆపి వెలిగించండి. మెయిన్ యూనిట్‌ని ఆపి వెలిగించండి. చివరగా, లాక్ చేసిన యూనిట్‌నే తీసేసి అయిదు నిమిషాల తర్వాత మళ్లీ పెట్టండి. ప్రతిసారీ కెమెరా అదే యూనిట్‌కి తిరిగి రావాలి. మూడో పరీక్షలో ఓడిపోయే సెట్లు ఉన్నాయి, కరెంటు పోయిన రోజు మీ ఇంట్లో జరిగేది సరిగ్గా అదే.

లాక్ చేయాల్సింది కదలని వాటినే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు లాక్ చేయకండి. కొన్ని సెట్లలో యూనిట్ ఆగిపోతే దానికి కట్టేసిన పరికరం ఇంకెక్కడికీ వెళ్లదు, ఆఫ్‌లైన్‌లో ఉండిపోతుంది. ముఖ్యమైన కెమెరాకి ఆ మేరకు యూపీఎస్ తప్పనిసరి. టీవీకి కేబుల్ చేరే దారి ఉంటే లాక్ గొడవే వద్దు, కేబుల్ గుచ్చేయండి.

లాక్ లేదు, కనీస ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ బలం) సెట్టింగ్ మాత్రం ఉంది అంటే జాగ్రత్తగా వాడండి. అది బలహీనమైన పరికరాన్ని గెంటేస్తుంది, ఎటు వెళ్లాలో చెప్పదు. -65 లాంటి అంకె పెడితే మూలగదిలో పరికరం చేరడం, గెంటేయబడటం, మళ్లీ చేరడం, ఇలా రోజంతా తిరుగుతుంది. -80 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో రోజు గమనిస్తూ రెండేసి డీబీ బిగించండి. అంతకన్నా ముందు 2.4 గిగాహెర్ట్జ్ పవర్ తగ్గించి చూడటం మేలు. యూనిట్ గొంతు దూరం పోతుంది, చిన్న పరికరం గొంతు అంత దూరం పోదు, అందుకే అతుక్కుపోయిన పరికరం వినగలుగుతుంది గానీ వినిపించలేకపోతుంది.

వద్దన్నా లాక్ చేసిన ఫోనో ట్యాబో కొన్నాళ్లకి కొత్త పరికరంగా కనబడితే ప్రైవేట్ ఎమ్ఏసీ అడ్రస్ (నెట్‌వర్క్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) సెట్టింగ్ చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ నెట్‌వర్క్‌కో మారు అడ్రస్ వాడటం మామూలైంది. లాక్ అడ్రస్ మీదే నిలబడుతుంది కాబట్టి ఇంటి వైఫైకి దాన్ని ఆపేయండి, లేదా ఐఫోన్‌లో "ఫిక్స్‌డ్" అని పెట్టండి.

ఈ ఆప్షన్ లేని సెట్ ఇప్పటికే కొనేసినవాళ్లకు: 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వాడే కెమెరాల్ని, శాటిలైట్ పూర్తిగా లేచిన అయిదు నిమిషాల తర్వాత ఒక్కొక్కటిగా ఆపి వెలిగించండి. సాధారణంగా దగ్గరిదానికే చేరతాయి, మళ్లీ కరెంటు పోయేదాకా నిలుస్తాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కార్డు ఉంటే డివైస్ మేనేజర్‌లో అడ్వాన్స్‌డ్ కింద "రోమింగ్ అగ్రెసివ్‌నెస్" ఒక మెట్టు పెంచవచ్చు. పట్టు వదలని కెమెరా దగ్గర ఉన్న యూనిట్‌కి కేబుల్ బ్యాక్‌హాల్ ఉంటే, పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో వేరే పేరుతో ఆ యూనిట్‌కి కేబుల్‌తో కలిపి, కెమెరాలన్నీ దానికి మార్చేయండి. పేరే వేరైతే తప్పు యూనిట్‌కి పోయే ప్రశ్నే లేదు.

రిటర్న్ విషయంలో కొనేముందే "రీప్లేస్‌మెంట్ ఓన్లీ" అని ఉందేమో చూడండి. లేని ఫీచర్‌కి అదే మోడల్ మరొకటి ఇస్తే ఉపయోగమేముంది? ప్రోడక్ట్ పేజీలో యూనిట్ ఎంచుకోవచ్చని రాసి ఉంటే ఆ పేజీని ఆర్డర్ రోజునే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోవడానికీ డబ్బు తిరిగి ఇవ్వడానికీ అమ్మకందారు నిరాకరించకూడదు. చాట్‌లో ఈ మాటే రాతపూర్వకంగా పెట్టి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా కమిషన్‌కి వెళ్లాల్సి వచ్చినా 5 లక్షల రూపాయల లోపు వస్తువుకి ఫిర్యాదు రుసుము లేదు.