వెర్కోర్ కొండల్లో సైకిల్: ఏ రోడ్డు, ఏ బస, ఎక్కడ తిండి

ఫ్రాన్స్‌లో సైకిల్ అనగానే అందరూ ఆల్ప్స్‌లోని పెద్ద కనుమల గురించే అడుగుతారు. ప్రశాంతంగా తొక్కాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది వేరే చోటు. ఆ పెద్ద కొండలకు కాస్త పడమరగా వెర్కోర్ అనే సున్నపురాయి పీఠభూమి, దాని కిందే ద్రోమ్ నది లోయ ఉన్నాయి. అక్కడి చిన్న రోడ్ల మీద గంటసేపు తొక్కినా కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా కనిపించని పూటలున్నాయి. మా బావ విశాఖ నుంచి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి అక్కడికే వెళ్ళాం. ఆయన శాకాహారి, నేను కాదు. కాబట్టి తిండి సంగతి కూడా రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు చేరుకోవడం. పారిస్ నుంచి వాలాన్స్‌కి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో రెండుంబావు గంటలు. అక్కడి నుంచి ‘దీ’ అనే చిన్న పట్నానికి టీఈఆర్ లోకల్ రైలు గంటలో చేరుస్తుంది. టీఈఆర్‌లో సైకిల్‌ని అలాగే ఎక్కించుకోవచ్చు, కొక్కేలకు తగిలిస్తే సరి. టీజీవీలో మాత్రం సైకిల్ చోటుకి ముందే రిజర్వేషన్ ఉండాలి, లేదంటే చక్రాలు విప్పి సంచిలో పెట్టాలి. ఇంకో మాట. దీ లైనులో కొన్ని సర్వీసులు నిజానికి బస్సులు. టైమ్‌టేబుల్‌లో బస్సు బొమ్మ ఉంటే సైకిల్‌కి చోటుంటుందని నమ్ముకోవద్దు.

రోడ్డు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. మిషెలిన్ కాగితం మ్యాప్‌లో ఎర్ర రోడ్లు వదిలేయండి. పసుపు రోడ్లు ఫర్వాలేదు, తెల్లగా సన్నగా ఉండేవి మన రోడ్లు. గీత పక్కన ఆకుపచ్చ అంచు ఉంటే దృశ్యం బాగుంటుందని అర్థం. బాణపు ములుకులాంటి గుర్తు ఒకటి ఉంటే 5 నుంచి 9 శాతం ఎక్కుడు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకుమించి. ఫోన్ యాప్ దగ్గరి దారి చూపిస్తుంది, ఆ దారి ఎక్కువగా డి93 మీదకే తీసుకెళ్తుంది. ద్రోమ్ లోయలో పెద్ద రోడ్డు అదే, లారీలన్నీ దాని మీదే. ఊళ్ళ బయట సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర దూరం వదలాలని అక్కడి చట్టం. చాలామంది డ్రైవర్లు పాటిస్తారు కూడా. అయినా లారీ గాలి లారీ గాలే.

దీ నుంచి ఉత్తరంగా కోల్ ద రుస్సే కనుమకు ఇరవై కిలోమీటర్ల ఎక్కుడు. 1254 మీటర్ల ఎత్తు, సగటున నాలుగు శాతం చిల్లర. మొదట క్లెరెట్ వైన్‌కి వాడే ద్రాక్షతోటలు, షమలోక్ ఊరు దాటాక మలుపు మీద మలుపు. అలవాటున్నవాళ్ళు మాట్లాడుకుంటూ ఎక్కేయొచ్చు. పైన సొరంగం ఉంది, లైటు వేసుకునే లోపలికి వెళ్ళండి. ఇవతల ఎండకు మాడిన దక్షిణాది కొండలు, అవతల పచ్చని అడవి, చల్లగాలి. జాకెట్ సంచిలో పైనే ఉంచుకోండి.

పీఠభూమి మీద వాస్యో ఊళ్ళో తప్పకుండా ఆగాలి. 1944 జులైలో జర్మన్ సేనలు గ్లైడర్లలో ఇక్కడ దిగి, జర్మన్ ఆక్రమణను ఎదిరించిన ఫ్రెంచ్ ప్రతిఘటన దళాలతో పాటు ఊరివాళ్ళనీ చంపి, ఊరిని నేలమట్టం చేశాయి. ఇప్పుడున్న ఇళ్ళు యుద్ధం తర్వాత కట్టినవి. ఊరి పైన లషో కనుమ దగ్గర స్మారక మ్యూజియం ఉంది. ఆ తర్వాత లాంత్ అడవి దాటితే కోంబ్ లావాల్. ఆ అడవి కలపను కిందికి దించడానికి 19వ శతాబ్దంలో నిలువు కొండను తొలిచి వేసిన రోడ్డు అది. పిట్టగోడ అవతల వందల మీటర్ల లోయ. చూడాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఎండ బాగున్న ఆదివారం అక్కడ మోటార్‌సైకిళ్ళ మోత మామూలుగా ఉండదు. వారం మధ్యలో, పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే వేరే లోకం. రాళ్ళు పడి మూసేసే రోజులుంటాయి, ముందు రోజే బసలో అడగండి.

కింద సాన్ జాన్ ఆన్ ర్వయాన్‌లో రాత్రి ఉండి, మర్నాడు బువాంత్ చెరువు పక్కగా బతాయ్ కనుమ ఎక్కాం. 1313 మీటర్లు. చలికాలమంతా మంచుతో మూసే ఉంటుంది. అక్కడి నుంచి లెయోన్సెల్‌కి దిగితే 12వ శతాబ్దపు సిస్టెర్షియన్ క్రైస్తవ సన్యాసుల మఠం, ఆ తర్వాత జెర్వాన్ లోయ. ఇక్కడ పేరుమోసినదేమీ లేదు, అందుకే రోడ్డు ఖాళీ.

ఇంత చెప్పినా, ఒక్కరోజే ఉందంటే నేను కోంబ్ లావాల్‌కి కాదు, షోద్యేర్ కనుమకు వెళ్తాను. సయాన్ ఊరి దగ్గర ద్రోమ్ నది వదిలి దక్షిణంగా డి156 పట్టుకోవాలి. 1047 మీటర్లే కానీ సయాన్ తక్కువ ఎత్తులో ఉంది కాబట్టి దాదాపు ఎనిమిది వందల మీటర్లు ఎక్కాలి. రోడ్డు ఒక కారుకి సరిపోయేంత. పైకి వెళ్ళేకొద్దీ ట్రువా బెక్ అనే మూడు రాతి శిఖరాలు నెత్తి మీదకు వచ్చేస్తాయి. గొలుసు చప్పుడు, గొర్రెల మెడగంటలు తప్ప ఏమీ వినిపించదు. బావ కనుమ మీద సైకిల్ దిగి, “ఒరేయ్, కిందనుంచి ఇప్పటిదాకా ఒక్క హారన్ విన్నామా?” అన్నాడు. అవతల బుర్దో అనే చిన్న ఊరికి దిగుతాం. వైన్‌కి పేరుపడ్డ బోర్దో వేరు, హోటల్ బుక్ చేసేటప్పుడు జాగ్రత్త.

బసల్లో మూడు రకాలూ చూశాం. మున్సిపల్ క్యాంపింగ్ అన్నిటికన్నా చవక, శుభ్రంగానే ఉంటుంది, కానీ తడి టెంటు మోసుకుంటూ ఎక్కుళ్ళు ఎక్కడం నాకు నచ్చదు. పట్నంలో హోటల్ ఒకటి సౌకర్యంగానే ఉంది, అయితే ‘సైకిళ్ళకు భద్రమైన గది’ అని రాసిన చోట తలుపే లేని పాక చూపించారు. రాత్రంతా టెన్షన్. సైక్లిస్టులకు అనువైన బసలకు ఇచ్చే ‘అక్యుయ్ వెలో’ ముద్ర ఉన్నచోట తాళం వేసే చోటు, పంపు, రిపేరు సామాను ఉంటాయి, ఆ ముద్ర చూసి ఎంచుకోవడం మేలు. నా ఓటు మాత్రం ‘షాంబ్ర్ దోత్’కే, అంటే సొంత ఇంట్లోనే గది అద్దెకిచ్చి రాత్రి భోజనం కూడా పెట్టే ఇళ్ళకే.

జెర్వాన్ లోయలో అలాంటి ఇంట్లో మాంసం వద్దంటే, ఇంటావిడ “మరి చేప?” అని అడిగింది. అదీ వద్దన్నాం. ఫ్రిజ్ తెరిచి పలకలాంటిది ఒకటి తీసింది. అది రవియోల్, ఆ ప్రాంతపు వంట. జున్ను, పార్స్లీ ఆకు కూరిన 48 చిన్న చదరాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మరుగుతున్న నీళ్ళలో వేసి చెంచాతో మెల్లగా కదిపితే విడిపోయి పైకి తేలాయి. నిమిషంలో దించేసింది. పైన వెన్న, అంతే. పిండిలో గుడ్డు ఉంటుంది, అది తిననివాళ్ళు ముందే చెప్పాలి. బావ సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకుంటే ఆవిడ కూడా కొంచెం అడిగి రుచి చూసింది.

పగటి తిండికి మాత్రం ప్లాన్ ఉండాలి. పల్లెల్లో కొట్లు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలాచోట్ల తెరవనే తెరవరు. రొట్టె, మేక జున్ను పొద్దునే కొనేసుకోండి. దీలో బుధ, శనివారాల్లో సంత ఉంటుంది. నీళ్ళకు ఊరి కుళాయి చాలు, ‘నాన్ పొటాబ్ల్’ అని రాసుంటే తాగొద్దు. కుళాయి దొరక్కపోతే శ్మశానం గేటు లోపల చూడండి, పూలకు నీళ్ళు పోసే పంపు తరచు ఉంటుంది. ఫ్రెంచ్ సైక్లిస్టులూ అక్కడే నింపుకుంటారు.

పిల్లలతో వచ్చేవాళ్ళకు ఈ కనుమలు వద్దు. రోన్ నదికి అవతల ఆర్దెష్‌లో పాత రైలు మార్గాన్ని దోల్చె వియా పేరుతో సైకిల్ దారిగా మార్చారు. కార్లుండవు, ఎక్కుడు చాలా తక్కువ. ఎక్కువ భాగం తారు లేని దారి, కాబట్టి సన్న టైర్లు పనికిరావు.

జులై, ఆగస్టుల్లో లోయలో ఎండ మాడ్చేస్తుంది, బసలూ దొరకవు. మే చివర, జూన్ బాగుంటాయి. నాకు సెప్టెంబర్ ఇంకా నచ్చుతుంది. అయితే అప్పుడు దీ చుట్టూ ద్రాక్ష కోతలు. సన్న రోడ్ల మీద మలుపు తిరగ్గానే బండి కట్టిన ట్రాక్టర్ ఎదురవుతుంది, దిగేటప్పుడు వేళ్ళు బ్రేకుల మీదే ఉంచండి.